చిన్న అల్యూమినియం పడవ: సందేహాలు - సమాధానాలు

ఎండలు ముదిరి, అమెరికాలోని మనవాళ్ళ ఇళ్ళల్లో లేక్ కబుర్లు మొదలయ్యే రోజులివి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే మాట: రెండు చిన్న అల్యూమినియం పడవలు చూశాం, పిల్లల్ని ఎక్కించుకుని తిరగడానికి ఏది మంచిది? అడిగిన తీరులో మాత్రం పడవ మీద మోజు కంటే నీళ్ళంటే బెరుకే ఎక్కువ కనిపించింది. ఆ బెరుకు ఉన్నవాళ్ళకే సమాధానం చెప్పడం తేలిక కూడా.

ప్రశ్న: మాది ఫ్రిస్కో, టెక్సస్. లూయిస్‌విల్ లేక్‌లో తిరగడానికి రెండు పడవలు చూశాం. ఒకటి 14 అడుగులది, అడుగుభాగం వీ ఆకారంలో ఉంది. రెండోది 16 అడుగుల జాన్ బోట్, అడుగు బల్లపరుపు. మావారికి మొదటిది నచ్చింది. నాకేమో రెండోది విశాలంగా, కదలకుండా ఉన్నట్టనిపించింది. మాకు ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. వేసవిలో అత్తయ్యా మామయ్యా వస్తారు. ఏది బోల్తా పడదో చెప్పండి. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి

సమాధానం: ముందు హాయిగా నిద్రపోండమ్మా. మీరు చూసిన రెండూ ఇక్కడి కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న రకాలే, తేడా అంతా నీటిని బట్టి. బల్లపరుపు అడుగు నీళ్ళు నిశ్చలంగా ఉన్నంతసేపు ఉలకదు పలకదు, అందుకే గట్టు పక్కన మీకు అదే నచ్చింది. అల లేచాక ఆ అడుగు నీటిని చీల్చలేక దబదబా కొట్టుకుంటుంది. దాని ముందు అంచు కూడా పొట్టి కనక నీళ్ళు చిమ్మి ఒళ్ళోకి వస్తాయి. వీ అడుగు గట్టు దగ్గర కాస్త అటూ ఇటూ ఊగుతుంది గానీ అలల్లో మెత్తగా పోతుంది. లూయిస్‌విల్ బాగా వెడల్పైన లేక్, మధ్యాహ్నం దాటితే గాలి తగులుతుంది, శని ఆదివారాల్లో పెద్ద బోట్లు రేపే అలలు నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి. కాబట్టి నా ఓటు మీవారికే.

కానీ ఒక షరతు. 14 అడుగుల పడవలో సాధారణంగా నలుగురికే చోటు, పిల్లలూ ఆ లెక్కలో మనుషులే. అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చినప్పుడు రెండు విడతలుగా తిప్పండి. ఆరుగురూ కలిసే వెళ్ళాలని పట్టుబడితే మీరు చూసిన రెండింటిలో ఏదీ సుఖంగా సరిపోదు, ఇంకా పెద్దది చూడాలి. ఇక ఏ పడవైనా సరే, నీటి మీద అలల కొసలు తెల్లగా విరుగుతూ కనిపించిన రోజు ఆ చిన్నది ట్రైలర్ మీదే ఉండాలి.

ప్రశ్న: మాది అట్లాంటా దగ్గర. మా సబ్‌డివిజన్ వెనక చిన్న చెరువు ఉంది, ఎలక్ట్రిక్ మోటారుకే అనుమతి. 12 అడుగుల వీ పడవ, 14 అడుగుల జాన్ బోట్ చూశాను. వీ పడవే క్షేమం అని అందరూ అంటుంటే జాన్ బోట్ కొనడానికి భయమేస్తోంది. నేను, నా భార్య, నాలుగేళ్ళ బాబు, అంతే.

సమాధానం: మీరు జాన్ బోటే కొనండి, నిశ్చింతగా. గాలి పెద్దగా తగలని చిన్న చెరువులో, నడక వేగంతో పోయే మోటారుతో, బల్లపరుపు అడుగును మించింది లేదు. పిల్లవాడు ఒక పక్క నుంచి రెండో పక్కకి జరిగినా మీ గుండె జారిపోదు, మోకాలి లోతు నీళ్ళల్లోనూ పోతుంది. ఒక్క విషయం చూసుకోండి: మామూలు సీసం బ్యాటరీ ఒక్కటే 50, 60 పౌండ్లు ఉంటుంది. దాన్ని, మిమ్మల్ని, మోటారుని కలిపి వెనకే పెడితే ముందు భాగం గాలిలోకి లేస్తుంది. బ్యాటరీని పెట్టెలో పెట్టి, మూత వేసి, మధ్యకో ముందుకో జరిపి కట్టేయండి.

ప్రశ్న: అమ్మే ఆయన ఇంటి దగ్గర పడవ అంచు మీద కాలు పెట్టగానే అది పక్కకి ఒరిగింది. మా ఆవిడ కేక పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. ఇక ఎక్కనంటోంది. పడవలో లోపం ఉందా?

సమాధానం: లోపం లేదు, ఆమె భయంలోనూ తప్పు లేదు. చిన్న పడవ అంచు మీద బరువు వేస్తే ఒరిగి తీరుతుంది. కొంత ఒరిగాక ఆగి, బరువు తీయగానే తిరిగి నిలబడిందా అన్నదే చూడాలి. నిలబడితే అది దాని స్వభావం. ఎక్కేటప్పుడు అంచు మీద కాకుండా నడుమ అడుగు వేయాలి, వంగి రెండు చేతులతో అంచులు పట్టుకోవాలి, మరొకరు గట్టు మీద నుంచి పడవని పట్టుకోవాలి. అలా ఒకసారి ఎక్కించి చూడండి, ఆవిడ అభిప్రాయం మారవచ్చు.

కంగారు పడాల్సిన సందర్భం వేరే ఉంది. ఒరిగిన పడవ బద్ధకంగా, ఆలస్యంగా లేస్తుంటే అడుగున నీళ్ళు చేరాయేమో చూడాలి. పళ్ళెంలో నీళ్ళు మోస్తూ కాస్త వంచితే నీళ్ళన్నీ ఆ పక్కకే పరుగెత్తినట్టు, పడవ అడుగున చేరిన నీళ్ళు కూడా ఒరిగిన వైపుకే పోయి దాన్ని ఇంకా వంచుతాయి. నాలుగు అంగుళాల నీళ్ళున్నా తోడిపోసేదాకా బయల్దేరకూడదు.

ప్రశ్న: పడవ మీద నలుగురు అని రాసి ఉంది. మా బావమరిది మాత్రం “అదంతా కంపెనీవాళ్ళ జాగ్రత్త బావా, ఇంకో ఇద్దరు పడతారు” అంటాడు. కాదంటే పిరికివాణ్ణంటారు. ఏం చెప్పాలి?

సమాధానం: మీరు పిరికివారు కాదు, ఆ రేకు మీద అక్షరాలు చదివినవారు. 20 అడుగుల లోపు మోటారు పడవలకు అమెరికాలో ఆ రేకు చట్టప్రకారం ఉండాల్సిందే. ఎంతమంది, ఎన్ని పౌండ్లు, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు అని మూడు సంగతులు దాని మీద ఉంటాయి. మనుషుల లెక్క తలకి సుమారు 150 పౌండ్ల చొప్పున వేసింది. మీ బావమరిదిగారి బరువు ఎంతో నాకు తెలియదు గానీ, నిండుగా ఉన్న మనుషులు నలుగురు, ఐసు పోసిన కూలర్, పెట్రోలు ట్యాంకు, పులిహోర డబ్బాలు కలిపితే ఆరుగురి మాట దేవుడెరుగు, నలుగురికే లెక్క దాటవచ్చు. మనుషుల సంఖ్య, పౌండ్లు, ఈ రెండింట్లో ఏది ముందు నిండితే అక్కడ ఆగాలి.

రేకు ఊడిపోయిన పాత పడవైతే ఒక మోటు లెక్క ఉంది. పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించండి, అన్నీ అడుగుల్లోనే. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అంటే 70. భాగిస్తే నాలుగు చిల్లర. చిల్లర మనిషి ఉండడు, కాబట్టి నలుగురే. ఇదీ గాలి లేని రోజు లెక్క మాత్రమే.

ప్రశ్న: మిషిగన్‌లో నోవై దగ్గర పాత 14 అడుగుల పడవ ఒకటి చవకగా వచ్చింది, రివెట్లు కొట్టినది. ఇంకొకటి వెల్డింగ్ చేసినది, ధర దాదాపు రెట్టింపు. పాతదాన్ని నీళ్ళల్లో దించితే గంటలో అడుగున చెమ్మ కనిపించింది. మునిగిపోతుందా?

సమాధానం: చెమ్మకి ఏ పడవా మునగదు, నిదానించండి. ఏళ్ళ తరబడి అలల మీద అదిరిన రివెట్లు కాస్త వదులై చుక్కలు చుక్కలుగా కారడం చాలా పాత పడవల్లో ఉన్నదే. రోజంతా తిరిగితే ఓ చెంబెడు నీళ్ళు చేరడం మామూలు. గంటకో బకెట్ చేరుతుంటే, ఒకే వరసలో రివెట్లు కదులుతుంటే, మోటారు బిగించే వెనక పలక దగ్గర రేకు చిట్లి సన్నగీత కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

ఇంటి దగ్గర పరీక్ష సులువు. పడవని ట్రైలర్ మీదే ఉంచి, డ్రెయిన్ ప్లగ్ బిగించి, లోపల రెండు మూడు అంగుళాల నీళ్ళు మాత్రం పోయండి. నిండా పోస్తే ఆ బరువుకి ట్రైలరే వంగుతుంది. కిందికి దూరి, ఎక్కడెక్కడ చుక్క వేలాడుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నాలుగైదు గుర్తులు పడితే ఆ రివెట్లను లోపలి నుంచి ఆనించి సుత్తితో మళ్ళీ బిగించవచ్చు, పైన సీలెంట్ పూయవచ్చు. ముప్పై గుర్తులు పడితే ఆ చవక చవక కాదు. వెల్డింగ్ పడవ చెమ్మ పట్టదు, రేకు సాధారణంగా మందంగా ఉంటుంది, బరువూ ధరా ఎక్కువ. అయితే దానికి పగులొస్తే అల్యూమినియం వెల్డింగ్ తెలిసినవాడే చేయాలి, గ్యారేజీలో మనం చేసే పని కాదు. లేక్ మీద ఎండాకాలం కుటుంబ షికార్లకి రివెట్ల పడవ చాలు. దాన్ని తక్కువగా చూడకండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ, విమానాల రేకులకి వాడిన పద్ధతులతోనే అల్యూమినియం కనూలు చేసి అమ్మింది. ఆ కాలం నాటివి ఇంకా నీళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాయి.

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అబ్బాయి మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తాడు. భార్యాబిడ్డలతో తిరగడానికి పడవ కొంటానని ఫోటోలు పంపాడు, చూస్తే అరచేతిలో పట్టేటట్టుంది. కచ్చులూరు దగ్గర అంత పెద్ద లాంచీయే మునిగిపోయింది. ఈ రేకు డబ్బా ఎంత? వద్దని చెబితే నవ్వుతున్నాడు. మీరైనా చెప్పండి.
— ఒక అమ్మ

సమాధానం: అమ్మా, 2019 సెప్టెంబరు 15 తరవాత గోదావరి గట్టున ఉన్నవాళ్ళకి పడవ అన్న మాట వింటే గుండె ఝల్లుమనడం సహజం. మీవాడు నవ్వకుండా వినాల్సిన భయమే ఇది. అయితే అక్కడ జరిగింది వేరు. వరదలో ఉన్న గోదావరి, సుడులు, కొండల నడుమ లోతైన ప్రవాహం, అంతస్తులు కట్టిన లాంచీ, డెబ్భై మందికి పైగా జనం. మీవాడు వెళ్ళేది ప్రవాహం లేని లేక్‌లోకి, గట్టు కనిపించే దూరంలో, ముగ్గురు నలుగురితో.

చిన్నది కనక మునుగుతుందన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 20 అడుగుల లోపు, వెనక మోటారు తగిలించే పడవల్లో నురుగు దిమ్మలు పెట్టాలని అమెరికా నిబంధన. సాధారణంగా వాటిని బల్లల కింద పెడతారు. 1978 నుంచి వచ్చిన పడవలు నిండా నీళ్ళు చేరినా అడ్డంగా తిరగబడకుండా, అంచుల దాకా మునిగి, అలాగే తేలుతూ ఉండాలి. అందులోని వాళ్ళు దాన్ని పట్టుకుని సాయం వచ్చేదాకా ఉండవచ్చు. గట్టు దగ్గరే కదా అని ఈదబోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. పడవని వదలకూడదు. మీవాడికి ఫోన్ చేసినప్పుడు రెండే అడగండి: పడవ ఏ సంవత్సరంది, బల్లల కింద నురుగు పొడిగా ఉందా అని. ఏళ్ళ తరబడి వానలో పడి ఉన్న పడవల్లో ఆ నురుగు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, అప్పుడు తేల్చాల్సిందే ముంచుతుంది. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెబితే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. నీళ్ళు నమలడం మొదలుపెడితే మీ కోడలికి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్ళు. లైఫ్ జాకెట్ వేస్తే ఏడ్చి పీకేస్తుంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది, చీర మీద అది వేసుకోనంటోంది. పడవలో పక్కన పెట్టుకుంటే చాలదా?

సమాధానం: పక్కన పెట్టుకున్నది పక్కనే ఉండిపోతుంది, అక్కడే చిక్కు. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా వేసే లెక్కల్లో పడవ ప్రమాదాల మరణాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నీట మునిగినవే. అలా పోయినవారిలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివారే. పాప ఏడుపు మామూలు విషయం. చాలామంది పిల్లలకి కొలత సరిపోక గడ్డం కింద గుచ్చుకుని ఏడుస్తారు. కొలత జాకెట్ మీద పౌండ్లలో రాసి ఉంటుంది. వేశాక భుజాల దగ్గర పట్టి పైకి లేపండి, గడ్డం, చెవులు దాటి జారితే అది పెద్దది. కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నది తీసుకోండి. వారం రోజులు ఇంట్లోనే టీవీ ముందు వేయించి అలవాటు చేయండి. చట్టం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మిషిగన్‌లో ఆరేళ్ళ లోపు, టెక్సస్‌లో పదమూడేళ్ళ లోపు పిల్లలు తప్పక వేసుకోవాలి. మీ ఇంట్లో మాత్రం వయసుతో పని లేకుండా అందరూ వేసుకోవాలని నా మాట. గాలి నింపుకునే పల్చని జాకెట్లు పెద్దవాళ్ళకే, పదహారేళ్ళ లోపు వారికి పనికిరావు.

అమ్మగారికి చీర మీద జాకెట్ వేయవచ్చు, తప్పు లేదు. కానీ ఐదున్నర మీటర్ల గుడ్డ తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది, కుచ్చిళ్ళు బల్ల అంచుకి తగులుకుంటాయి. ఆ పూటకి పంజాబీ డ్రెస్ వేసుకోమని బతిమాలండి. ఒప్పుకోకపోతే చెంగు బొడ్లో దోపి, నడిమి బల్ల మీద కూర్చోబెట్టండి. జాకెట్ విషయంలో మాత్రం బతిమాలడాలు లేవు.

ఇంకో మాట. పడవ 16 అడుగులు, ఆ పైన ఉంటే విసరడానికి వీలైన తేలే దిండు కూడా ఒకటి ఉండాలి. 16 లోపు అయితే చట్టం అడగదు. అయినా ఒకటి పెట్టుకోండి.

ప్రశ్న: డులూత్‌లో ఉంటాం. మే నెలలో ఎండ బాగుందని లేక్ సుపీరియర్ మీదికి 14 అడుగుల పడవతో వెళ్దామనుకుంటున్నాం. నాకు ఈత బాగా వచ్చు. భయపడాలా?

సమాధానం: ఈ ఒక్క ఉత్తరానికి మాత్రం భయపడమనే చెబుతున్నాను. ఎండ ఉన్నా నీళ్ళు మంచుగడ్డ చల్లదనం నుంచి ఇంకా కోలుకోవు, అక్కడ గాలి లేస్తే వచ్చేవి సముద్రపు అలలే. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చల్లని నీటిలో శరీరం ఎలా మారుతుందో ఏళ్ళ తరబడి పరిశీలించి ఒక సూత్రం ప్రచారంలోకి తెచ్చారు: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగపీలుస్తారు, ఆ సమయంలో తల నీటి పైన ఉండాలి. తరవాత పది నిమిషాలే చేతులూ వేళ్ళూ పనికొస్తాయి. స్పృహ పోవడానికి గంట దాకా పడుతుంది. ఈత వచ్చినవాళ్ళకి కూడా చేతులు పనిచేయడం మానేసేది ఆ పది నిమిషాల దగ్గరే, అందుకే జాకెట్. మినెసోటాలో చిన్న లేకులకి కొదవా? జూన్ దాటాక ఏదైనా లోతు తక్కువ లేక్‌కి వెళ్ళండి.

ప్రశ్న: రెండు పడవలతోనూ మోటారు ఇస్తామంటున్నారు. ఒకదానికి 9.9, ఇంకోదానికి 25 హార్స్‌పవర్లు. పెద్దది పెడితే పడవ లేచిపోతుందని మా ఆవిడ భయం, చిన్నదైతే గాలికి వెనక్కి రాలేమని నా భయం.

సమాధానం: ఇద్దరి భయాల్లోనూ న్యాయం ఉంది. రేకు మీద రాసిన హార్స్‌పవర్లు దాటకూడదు, దాని లోపల మాత్రం మరీ చిన్నదీ వద్దు. నలుగురితో గాలికి ఎదురు రావాలంటే 14 అడుగుల పడవకి 15, 20 హార్స్‌పవర్లు బాగుంటాయి. మోటారు కాడ పొడవు చూడటం మర్చిపోకండి: పొట్టిది 15 అంగుళాలు, పొడుగుది 20. వెనక పలక ఎత్తుకి సరిపోని కాడ కొంటే ఫ్యాను గాలిలో తిరుగుతుంది, లేదా నేలకి తగులుతుంది. మోటారు నడిపేవారి జాకెట్‌కి తగిలించే ఎర్ర తాడు ఉంటుంది, మనిషి పడిపోతే మోటారు ఆగిపోవడానికి. ఆ తాడు తగిలించుకోకుండా మీరు నీళ్ళలో పడితే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి మీ మీదికే వస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ పరిధిలోని నీళ్ళల్లో వేగంగా పోతున్నప్పుడు అది తగిలించుకోవడం చట్టం కూడా. టెక్సస్‌లో అయితే 1993 సెప్టెంబరు 1న, ఆ తరవాత పుట్టినవారు 15 హార్స్‌పవర్లు దాటిన మోటారు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి.

ప్రశ్న: అల కొట్టినప్పుడల్లా రేకు చప్పుడు వింటుంటే చీలిపోతుందేమో అనిపిస్తోంది.

సమాధానం: చీలదు. అల్యూమినియం మోగుతుంది, అదొక్కటే దాని చెడ్డగుణం. వేగం తగ్గించండి, చప్పుడు సగం పోతుంది. లోపల రబ్బరు చాప పరిస్తే పిల్లల కాళ్ళు జారవు, మిగతా సగం కూడా కొంత తగ్గుతుంది. సొట్ట పడితే భయం లేదు, సొట్ట మధ్యలో గీత పడితే చూపించండి.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాం. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళల్లోనూ తిప్పుదామని ఆశ. పక్కింటాయన పడవ అడుగంతా తెల్లపొడి పట్టి ఉంది, పాడైపోయిందా?

సమాధానం: తెల్లపొడి పైపై మాట, తుడిస్తే పోతుంది. దాని కింద గోరు దిగేంత గుంటలు పడితే మాత్రం రేకు తింటోందని అర్థం. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగండి, జింకు దిమ్మ తగిలించి ఉంచండి, రాగి కలిసిన పెయింట్ అల్యూమినియానికి వేయకండి. ట్రైలర్ మీద పడవ ఆనే చెక్కలు రాగి మందు పట్టించిన కొయ్యైతే అవి కూడా రేకుని తింటాయి. తడిసిన అల్యూమినియానికి రాగి తగిలితే పోయేది అల్యూమినియమే. మనవాళ్ళకి నీళ్ళు కనిపిస్తే గంగమ్మకని నాణెం వేసే అలవాటు కదా, అది నీళ్ళల్లో పడేటట్టు వేయండి. పడవ అడుగున పడి అక్కడే నానితే గుంట చేస్తుంది. కొత్త పడవకి పూజ చేసినప్పుడు కొబ్బరికాయ కూడా గట్టు మీదే కొట్టండి.

ప్రశ్న: మా దగ్గర టయోటా సియెన్నా ఉంది. ర్యాంపు మీద పడవ దించుతుంటే కారు కూడా నీళ్ళల్లోకి పోతుందేమో అని మావారికి చెప్పలేక మీకు రాస్తున్నాను.

సమాధానం: మీవారికీ అదే భయం ఉంటుంది, చెప్పరంతే. సియెన్నా 3,500 పౌండ్లు లాగగలదు. 14 అడుగుల పడవ, మోటారు, ట్రైలర్ కలిపినా వెయ్యి పౌండ్ల చుట్టుపక్కలే, 16 అడుగులదానికి ఇంకొంచెం. బండి బరువు పెద్ద సమస్య కాదు, వెనక్కి నడపడమే సమస్య. ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటసేపు వెనక్కి నడిపి నేర్చుకుంటే ర్యాంపు మీద సిగ్గుపడే పని ఉండదు. ట్రైలర్ ముక్కు మీద మొత్తం బరువులో పదో వంతు పడేటట్టు చూడండి. బరువు వెనక్కి పడితే హైవే మీద తోక ఊపుతుంది. అది మాత్రం నిజంగా ప్రమాదం, వేగం తగ్గించి పక్కకి ఆపండి. నీళ్ళల్లోకి దించేముందు డ్రెయిన్ ప్లగ్ బిగించడం, ఇంటికి బయల్దేరేముందు తీసి నీళ్ళు వదిలేయడం మీ బాధ్యతగా పెట్టుకోండి. నీళ్ళు ఖాళీ చేయకుండా ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి తీసుకుపోతే జీబ్రా మసెల్స్ అనే గవ్వపురుగులు వెంట వస్తాయి. టెక్సస్, మినెసోటా లాంటి చోట్ల అది చట్టరీత్యా తప్పు కూడా.

ప్రశ్న: డల్లాస్‌లో పాతది కొంటున్నాం. కాగితాల్లో మోసపోతామేమో.

సమాధానం: రెండు పనులు చేస్తే చాలు. పడవ వెనక పలక మీద కుడివైపు పైన 12 అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. అవి కాగితంలో ఉన్నవాటితో కలవాలి. టెక్సస్‌లో పడవకీ, అవుట్‌బోర్డ్ మోటారుకీ వేర్వేరు టైటిళ్ళు ఉంటాయి, రెండూ చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. “మోటారు కాగితం తరవాత పంపిస్తా” అన్నారంటే నవ్వుతూ వచ్చేయండి. కొన్నాక కోస్ట్ గార్డ్ ఆక్సిలరీవాళ్ళు ఉచితంగా వచ్చి పడవని తనిఖీ చేస్తారు. లోపాలున్నా జరిమానా వేయరు, చెప్పి వెళ్తారు.

ప్రశ్న: మావారు, పిల్లలు పడవకి సిద్ధమైపోయారు. నాకు నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ భయం, నేను ఎక్కను. గట్టు మీద కూర్చుని బిక్కుబిక్కుమంటూ ఎదురుచూడటమేనా?

సమాధానం: ఎక్కకపోవడం మీ ఇష్టమమ్మా, ఎవరూ బలవంతం చేయకూడదు. ఎప్పుడైనా మనసైతే ముందు మెరీనాలో గంటకి అద్దెకిచ్చే వెడల్పాటి పాంటూన్ బోటు ఎక్కి చూడండి, అది ఊగదు. గట్టు మీద ఉండిపోయినా మీకు పెద్ద పనే ఉంది. బయల్దేరేముందు ఒక కాగితం మీద వాళ్ళ చేత రాయించుకోండి: ఏ ర్యాంపు నుంచి దించారు, లేక్‌లో ఏ వైపు వెళ్తున్నారు, ఎవరెవరు ఎక్కారు, పడవ రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్నింటికి వస్తారు. ఫోన్లు నీళ్ళు చొరని సంచిలో ఉన్నాయా చూడండి. ఉరుము వినిపిస్తే వెంటనే ఫోన్ చేసి వెనక్కి పిలవండి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్ళీ దిగనివ్వకండి. చెప్పిన వేళకి అరగంట, ముప్పావుగంట ఆలస్యం మామూలే, పిల్లలు దిగమంటే దిగరు. గంట దాటి ఫోన్ కూడా ఎత్తకపోతే మొహమాటపడకుండా 911కి చేసి ఆ కాగితం చదివి వినిపించండి.